పక్కన నడిచేవాళ్ళు



కృష్ణగిరి నుంచి ఉత్తరంగా బస్సెక్కితే మామిడితోటలు, రాగిచేలు దాటుకుంటూ వేప్పనపల్లి వస్తుంది. తమిళనాడు అక్కడితో దాదాపు అయిపోయినట్టే. ఇంకొంచెం పోతే ఒక పక్క ఆంధ్ర, కుప్పం సీమ. ఇంకో పక్క కర్ణాటక, కోలారు జిల్లా. మార్కండేయ నది ఆ కర్ణాటక వైపు నుంచే దిగివచ్చి, ఈ నేలను తడిపి, కృష్ణగిరి డ్యాములోకి పోతుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే జనం. ఒక రాష్ట్రంలో పుట్టి, ఇంకో రాష్ట్రానికి పిల్లనిచ్చి, మూడో రాష్ట్రానికి కూలికి పోయే ఊళ్ళు ఇవి. సరిహద్దు దాటడం ఇక్కడివాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

అయినా ఇక్కడ కూడా కాలు ముందుకు పడని సమయాలు ఉంటాయి. ప్లస్ టూ పాసైన ఆడపిల్లను హాస్టల్లో చేర్చి నర్సింగు చదివించాలంటే ఇంటిల్లిపాదికీ గుండె దడ. భర్త పోయినామె కుట్టుమిషను కొనుక్కుని రోడ్డు పక్కన కొట్టు తెరవాలంటే నలుగురూ ఏమంటారోనన్న బెంగ. తాగుడు మానేశానని సంఘంలో లేచి సాక్ష్యం చెప్పినవాడికి, కూలి డబ్బు చేతికొచ్చిన శనివారం సాయంత్రం పాత స్నేహితులు ఎదురైతే ఏం చేయాలో తోచదు. ఇలాంటివాళ్ళకు క్రైస్తవ విశ్వాసం ఏమిస్తుంది? ధైర్యం ఇస్తుందని ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాం. అది ఏ దారిన వస్తుందన్నది ఇవాళ మాట్లాడుకుందాం.

నాకు తోచిన మాట ముందే చెప్పేస్తాను. ఆ ధైర్యం ఒక్కడే గదిలో కూర్చున్నవాడి మీదికి ఆకాశం నుంచి దిగడం అరుదు. దేవుడు దాన్ని ఎక్కువగా పక్కింటి మనిషి చేతికిచ్చి పంపిస్తాడు. బైబిలు చదివినా, మన తెలుగు క్రైస్తవుల చరిత్ర చదివినా నాకు పదే పదే కనిపించేది ఇదే.

సరిహద్దు ఊళ్ళవాళ్ళకు రూతు కథ బాగా దగ్గరిది. మోయాబు దేశపు పిల్ల. మొగుడు పోయాడు, మామ పోయాడు, మొగుడి తోబుట్టువూ పోయాడు. అత్త నయోమి తన సొంత ఊరు బేత్లెహేముకు బయల్దేరింది. నువ్వు పుట్టింటికి వెళ్ళిపో అమ్మా అని కోడలికి నచ్చజెప్పింది. రూతు వినలేదు. నీ జనమే నా జనం, నీ దేవుడే నా దేవుడు అన్న అర్థం వచ్చేట్టు చెప్పి అత్త వెంట నడిచింది. వెళ్ళేది తెలియని ఊరు, అక్కడ మోయాబువాళ్ళంటే చిన్నచూపు, చేతిలో చిల్లిగవ్వ లేదు. చేరాక ఆమె చేసిన మొదటి పని కోతలైన చేలో పరిగె ఏరుకోవడం. ఈ కథ చెప్పేటప్పుడు మనం రూతును ఒక్కదాన్నే పొగుడుతాం. కానీ ఆ దారిలో ఇద్దరు ఆడవాళ్ళు నడిచారు. ఏ చేను వదలకూడదో, ఎవరి దగ్గర ఎలా మెలగాలో చెప్పింది నయోమి. ముసలామెకు తోడు కావాలి, పడుచుదానికి దారి కావాలి. ఒకరి భయానికి ఒకరు అడ్డం నిలబడ్డారు.

ఇక మన తెలుగు నేల మీదికి వద్దాం. 1854, జనవరి ఒకటో తేదీ. ఒంగోలు ఊరి పక్కన ఉన్న కొండ మీదికి తెల్లవారకముందే ఐదుగురు ఎక్కారు. లైమన్ జూయెట్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, ఆయన భార్య, నరసు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. వాళ్ళ తెలుగు మిషను 1836లో మొదలైంది. పదిహేడేళ్ళు గడిచినా చేరిన విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలోని పెద్దలు కూర్చుని, ఈ మిషను మూసేస్తే పోలేదా అని చర్చించారు కూడా. అలాంటి రోజుల్లో కొత్త సంవత్సరం పొద్దున ఆ ఐదుగురూ కొండెక్కి, చీకట్లోనే కింద ఉన్న ఊళ్ళకోసం ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. పొద్దుపొడిచాక జూయెట్ కింద ఒక జాగా చూపించి, మన మిషనుకు ఆ చోటు బాగుంటుందా జూలియా అని అడిగాడట. చేతిలో డబ్బు లేదు. పంపడానికి మనిషీ లేడు. ఒంగోలుకు కాపురం పెట్టడానికి మిషనరీ వచ్చేసరికి మరో పన్నెండేళ్ళు పట్టింది.

ఆ పన్నెండేళ్ళ గురించి పుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు. నాకు మాత్రం జూలియా మీదే ఆలోచన ఆగుతుంది. చలికాలపు తెల్లవారుజామున, నవ్వేవాళ్ళు నవ్వుతుంటే, మూతపడబోతున్న మిషను పక్షాన కొండెక్కిన తెలుగు ఆడమనిషి. అందులో ఆమెకు దక్కే లాభమేమీ కనిపించదు. అయినా మిగతా నలుగురి పక్కన మోకరించింది. ఐదుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళన్నది మనం గుర్తుంచుకోవలసిన సంగతి. అమెరికా పెద్దల కాగితాల్లో ఆశ సన్నగిల్లుతుంటే, దాన్ని నిలబెట్టిన ప్రార్థనలో సగానికి పైగా మన మాటలే.

ఆ కాలంలోనే ఒంగోలు సీమలో తాళ్ళకొండపాడు అనే ఊళ్ళో ఎర్రగుంట్ల పేరయ్య ఉండేవాడు. మాదిగ కులస్థుడు. తోళ్ళు కొని అమ్మడం ఆయన వ్యాపారం. చదువు లేదు కానీ దేవుణ్ణి వెతుక్కునే మనిషి. అప్పట్లో ఊళ్ళమ్మట తిరిగే గురువుల దగ్గర యోగం నేర్చుకున్నాడు, ఏళ్ళతరబడి సాధన చేశాడు. తోళ్ళకోసం ఉత్తరంగా వెళ్ళినప్పుడు ఏలూరులో ఒక మిషనరీని కలిసి క్రీస్తు సంగతి విన్నాడు. మీ వైపు ఒంగోలుకు త్వరలో ఒక దొర వస్తాడు, ఆయన్ను కలుసుకో అని ఆ ఏలూరు మిషనరీ చెప్పి పంపించాడు. ఇంటికొచ్చిన పేరయ్య అంతటితో ఊరుకోలేదు. తాను విన్నది భార్య నాగమ్మకు చెప్పాడు, ఇరుగుపొరుగుకు చెప్పాడు, బంధువుల ఊళ్ళకు వెళ్ళి చెప్పాడు. తనకే ఇంకా బాప్తిస్మం కాలేదు! 1866లో జూయెట్, కొత్తగా వచ్చిన జాన్ క్లౌ కలిసి ఒంగోలు వచ్చినప్పుడు, పేరయ్య నాగమ్మను వెంటబెట్టుకుని నడిచి వచ్చాడు. ఇద్దరికీ ఒకేసారి బాప్తిస్మం ఇచ్చారు.

ఆ ఏడాదే క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి ఒకటిన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం మొదలైంది. ఆ నెలలోనే పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి ముప్ఫై నలభైమంది అక్కడికి చేరారు. వాళ్ళు ఎలా వచ్చారో చూడండి. కొన్ని రోజులకు సరిపడా తిండి కట్టుకుని, బాప్తిస్మం తీసుకునేటప్పుడు కట్టుకోవడానికి మారుబట్టలు మూటగట్టుకుని వచ్చారు. వాక్యం విని ఆలోచించి చెబుతామని వచ్చినవాళ్ళలా లేరు. ఆలోచన ఇంటి దగ్గరే అయిపోయింది. పేరయ్య ఆ పల్లెల్లో అంతకుముందే నెలలతరబడి కూర్చుని మాట్లాడిన ఫలితం అది. ఐదు రోజులు క్లౌ బోధించాడు. చివరి రోజున ఇరవై ఎనిమిదిమందికి బాప్తిస్మం ఇచ్చాడు.

మారుబట్టల మూట కట్టడం ఆ రోజుల్లో ఎంత పెద్ద నిర్ణయమో ఇవాళ ఊహించడం కష్టం. కొత్త విశ్వాసులకు క్లౌ మూడు కట్టుబాట్లు పెట్టాడు. ఆదివారం పనికి పోవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు. విగ్రహాలను పూజించవద్దు. చెప్పడానికి మూడు మాటలే. కానీ మాదిగ మనిషి బతుకంతా ఆ మూడింటి చుట్టూనే తిరిగేది. రైతు పిలిస్తే ఏ వారమైనా పోవాలి, వెట్టికి రమ్మంటే రావాలి. ఊరమ్మ జాతరలో డప్పు కొట్టడం వాడి విధి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం వాడి వంతు, ఆ మాంసమే కరువు రోజుల్లో వాడి కడుపు నింపేది. మేము డప్పు కొట్టం అన్నరోజే ఊరి పెద్దలు తిరగబడ్డారు. బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వలేదు. పనులు ఆపేశారు. కొన్నిచోట్ల తప్పుడు కేసులు పెట్టారు.

బావి మూసేస్తే ముందు దెబ్బ తగిలేది ఆడవాళ్ళకు. కుండ పట్టుకుని ఇంకెక్కడికో నడవాల్సింది నాగమ్మలాంటివాళ్ళు. మగవాళ్ళ సాక్ష్యాలు పుస్తకాలకెక్కాయి. నీళ్ళకోసం అదనంగా నడిచిన మైళ్ళను ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు, ఈ గొడవలు మనకెందుకు, పాత పద్ధతిలోనే పోదాం పద అని ఒక్క మాట గట్టిగా అనుంటే, ఒంగోలు సంఘం ఎనిమిదిమంది దగ్గరే ఆగిపోయేది.

ఆ ధైర్యం అటువైపు, అంటే మిషనరీ ఇంట్లో కూడా కావలసి వచ్చింది. ఒంగోలులో పై కులాలవాళ్ళు క్లౌ దగ్గరికి వచ్చి వాక్యం వినేవారు, పిల్లల్ని బడికి పంపేవారు. మాదిగల్ని సంఘంలో చేర్చుకుంటే మేము రాము అని వాళ్ళు తేల్చి చెప్పారు. చదువుకున్నవాళ్ళు, పలుకుబడి ఉన్నవాళ్ళు వెళ్ళిపోతే పని ఎలా సాగుతుంది? ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య హారియట్ ఇంకో గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనబడింది. లోకం నీచమని తోసేసినవాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. ఒకరికొకరు చెప్పుకుని నివ్వెరపోయారు. ఆ తర్వాత వెనకడుగు వేయలేదు. ఈ సంఘటనలో నన్ను కదిలించేది యాదృచ్ఛికమా, అద్భుతమా అన్న చర్చ కాదు. భర్తకు తోచినది భార్యకూ తోచిందని తెలిశాకే ఆ ఇంట్లో నిర్ణయం జరిగింది. అక్కడ కూడా ఇద్దరు కావలసి వచ్చింది.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1876 నుంచి 78 దాకా ధాతు కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు. పని మధ్యలో అలుపు తీర్చుకునేటప్పుడు కూలీల పక్కన కూర్చుని కష్టసుఖాలు మాట్లాడారు, వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం అడిగినా, తిండికోసం చేరారన్న మాట రాకూడదని కరువు నడిచినంతకాలం క్లౌ ఇవ్వలేదు. కరువు పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2222 మందికి తెలుగు బోధకులు బాప్తిస్మం ఇచ్చారు. ఇంత పెద్ద సంఖ్య చెప్పాక అంతా అక్కడే ఆగిపోతారు. నేను మాత్రం కాలువ గట్టు మీద కూలివాడి పక్కన కూర్చున్న ఆ బోధకుణ్ణి చూడమంటాను. కడుపు మాడుతున్న మనిషి కొత్త బతుకు గురించి ఆలోచించగలిగాడంటే, పక్కన ఒకడు కూర్చున్నాడు కాబట్టే.

మన కృష్ణగిరికి కూడా ఇలాంటి చరిత్ర ఉంది. 1895లో థియోడోర్ నేథర్ అనే జర్మన్ మిషనరీ అమెరికాలోని మిస్సోరి లూథరన్ సంఘం పక్షాన కృష్ణగిరి వచ్చి పని మొదలుపెట్టాడు. ఆయన సహచరుడు మోన్ ఆంబూరులో. అంతకుముందు ఇద్దరూ వేరే మిషనులో ఉండేవారు. సిద్ధాంతం విషయంలో మనస్సాక్షి ఒప్పుకోక దాన్ని వదిలేసి, ఉన్న పదవి పోగొట్టుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టినవాళ్ళు. ప్లేగు వచ్చినప్పుడు నేథర్ ఈ ప్రాంతం విడిచిపోలేదు. 1904లో ఆ ప్లేగుతోనే చనిపోయాడు. మన జిల్లాలో క్రైస్తవ విశ్వాసం గురించి మాట్లాడేవాళ్ళు ఆ పేరు ఒక్కసారైనా తలుచుకోవాలి.

వేలూరు సంగతి వేరే చెప్పక్కర్లేదు. మనకు జబ్బు ముదిరితే, ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేస్తే, కృష్ణగిరిలో బస్సెక్కి వాణియంబాడి, ఆంబూరు మీదుగా పోయేది వేలూరు మిషను ఆస్పత్రికే. ఆ ఆస్పత్రి వెనక ఒక యువతి భయం ఉంది. ఐడా స్కడర్ రాణిపేటలో 1870లో పుట్టింది. తాతగారూ తండ్రీ మిషనరీ వైద్యులు. చిన్నప్పుడు కరువులో పిల్లల ఆకలి చూసింది కాబట్టి, ఈ దేశంలో ఈ బతుకు నాకొద్దు అని నిశ్చయించుకుంది. తల్లికి జబ్బు చేసిందని 1890 ప్రాంతంలో తిండివనం వచ్చింది, కొన్నాళ్ళుండి అమెరికా వెళ్ళిపోదామని. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, ఇంకో పై కులం ఆయన. ముగ్గురి ఇళ్ళల్లోనూ భార్యలు పురిటినొప్పులతో ప్రాణం మీదికి తెచ్చుకుని ఉన్నారు. నాన్న డాక్టరు, ఆయన్ను తీసుకెళ్ళండి అంది ఐడా. పరాయి మగవాడు ముట్టుకోవడానికి వీల్లేదు, నువ్వే రావాలి అన్నారు వాళ్ళు. నాకు వైద్యం రాదు అంది. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు.

ఆ రాత్రే ఐడా మనసు మారింది. అమెరికా వెళ్ళి 1899లో డాక్టరు పట్టా తీసుకుంది. 1900 జనవరి ఒకటిన తిరిగి ఈ నేల మీద అడుగుపెట్టింది. ఆ ఏడాదే తండ్రి పోయాడు. చేయి పట్టుకుని పని నేర్పిస్తాడనుకున్న మనిషి లేకుండా, ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో షెల్ ఆస్పత్రి తెరిచింది. 1909లో నర్సుల బడి. అదే రోజుల్లో కారులో గుడియాత్తం రోడ్డు మీద పోతూ చెట్టు కింద ఆగి పల్లెవాళ్ళకు మందులివ్వడం మొదలైంది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టింది.

నాకు ఐడా ఎంత గొప్పో, 1918లో ఆ బడిలో చేరిన పిల్లలూ అంత గొప్ప. ఆ కాలంలో మన దేశంలో ఎంతమంది తండ్రులు కూతుర్ని శవాన్ని కోసి చదివే చదువుకు పంపుతారు? ఆడపిల్లలు పరీక్ష గట్టెక్కలేరని పెద్ద డాక్టర్లే పెదవి విరిచారు. 1922లో పద్నాలుగుమంది పరీక్షకు కూర్చున్నారు. పద్నాలుగుమందీ పాసయ్యారు. ఒక్కరే వెళ్ళి ఉంటే మధ్యలో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసేవాళ్ళేమో. ఒకే హాస్టల్లో పడుకుని, ఒకే దీపం వెలుగులో చదివి, ఒకే ప్రార్థన గదిలో ఏడ్చి నిలబడ్డారు.

తమిళ నేల మీద తెలుగువాళ్ళుగా బతుకుతున్న మనకు అజరయ్య బిషప్పు కథ ఇంకో రకంగా దగ్గరవుతుంది. ఆయన తమిళుడు. 1874లో తిరునెల్వేలి సీమలో వెళ్ళాలన్‌విళైలో పుట్టాడు. వైఎంసీఏలో మంచి ఉద్యోగం, దేశమంతా తిరిగే పేరు. తిరునెల్వేలి క్రైస్తవుల్ని కూడగట్టి 1903లో మన దేశపు మనుషులతో, మన దేశపు డబ్బుతో నడిచే ఒక మిషనరీ సంఘం పెట్టాడు. ఆ సంఘం పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్, తెలుగు నేల. ఇతరుల్ని పొమ్మంటున్న నువ్వెందుకు పోవు అన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. 1909లో, ముప్ఫై ఐదేళ్ళ వయసులో, ఉద్యోగం వదిలి దోర్నకల్ చేరాడు. అక్షరాల దగ్గర్నుంచి తెలుగు నేర్చుకున్నాడు. భార్య అన్బు మరియమ్మాళ్ ఆయనతో వచ్చింది. ఆ రోజుల్లో కాలేజీ చదువు చదివిన ఆమె ఆ పల్లె బతుక్కు సిద్ధపడింది. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయ్యాడు. 1945 జనవరి ఒకటిన పోయేదాకా తెలుగు పల్లెల్లోనే ఉన్నాడు.

మన పిల్లలు తమిళం నేర్చుకోవాలంటే భయపడతారు, చెన్నైలో మాట తప్పు పోతే నవ్వుతారని కుంగిపోతారు. వాళ్ళకు నేను అజరయ్య పేరు చెబుతాను. మనం తెలుగు నోటితో తమిళం నేర్చుకుంటున్నాం, ఆయన తమిళ నోటితో తెలుగు నేర్చుకున్నాడు. ఆయన వెనక తిరునెల్వేలి పల్లెల చిన్న చిన్న కానుకలు ఉన్నాయి. మీరు వెళ్ళండి అయ్యా, మేము పంపిస్తాం అన్న సంఘం ఉంది.

ఇక వేప్పనపల్లి వైపు మళ్ళీ వస్తాను. విశ్వాసం పేరుతో చెప్పే రెండు మాటలు నన్ను బాధపెడతాయి. ఒకటి, దేవుడున్నాడు దూకేయ్ అన్న మాట. తోతాపురి కాయకు ఈసారి ధర ఉంటుందో లేదో చూడకుండా తోట గుత్తకు తీసుకోవడం, వారం వారం కట్టే అప్పు మీద ఇంకో అప్పు తెచ్చి వ్యాపారం పెట్టడం, ఆ తర్వాత ప్రభువు చూసుకుంటాడని కూర్చోవడం. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని చెప్పింది యేసే. లెక్క చూడటం అవిశ్వాసం కాదు. ఇవ్వు, పదింతలు వస్తుంది అని పేదవాడి జేబు ఖాళీ చేయించే బోధకులు అతడి ధైర్యాన్ని కూడా దోచుకుంటున్నారు. ఒకసారి అలా మోసపోయినవాడు జీవితంలో మళ్ళీ కొత్త పని మొదలుపెట్టలేడు.

రెండోది ఇంకా మెత్తగా వినిపిస్తుంది. ప్రార్థన చేద్దాంలే. ఎంత మంచి మాట! కానీ మన ఇళ్ళల్లో ఇది చాలాసార్లు వద్దు అనడానికి మారుపేరు. కూతురు అప్లికేషను పట్టుకుని నిలబడితే, ప్రార్థన చేద్దాంలే అమ్మా అంటాడు నాయన. చివరి తేదీ దాటిపోయాక దేవుడి చిత్తం లేదేమో అంటాడు. ఒంగోలు కొండ మీద ప్రార్థించినవాళ్ళు కింద జాగా కూడా చూసుకున్నారు. ప్రార్థన చేసి ఫారం నింపండి, ప్రార్థన చేసి ఆ కాలేజీకి గుర్తింపు ఉందో లేదో వాకబు చేయండి, ప్రార్థన చేసి ఆ హాస్టలుకు వెళ్ళి వార్డెనుతో మాట్లాడి రండి.

మా వైపు సంఘాల్లో తెలుగు పాట, తమిళ వాక్యం ఒకే ఆరాధనలో వినిపిస్తాయి. అవ్వలు వెనకవైపు చాప మీద కూర్చుంటారు. చదువుకోవడానికో ఉద్యోగానికో ఎవరైనా బయల్దేరుతుంటే ముందుకు పిలిచి, తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. ఆ నిమిషం ఎంత బలమిస్తుందో అనుభవించినవాళ్ళకు తెలుసు. కొంగు ముడి విప్పి, మడతపెట్టిన వంద నోటు ఆ పిల్ల చేతిలో పెట్టే అవ్వను చూశాను. ఖర్చులకు ఉంచుకో తల్లీ అంటుంది. ఆ నోటు హాస్టలు ఫీజుకు ఏ మూలకూ రాదు. కానీ ఆ పిల్ల ఊరి పేరు తలుచుకున్నప్పుడల్లా ఆ చేయి గుర్తొస్తుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందన్నదే నా దిగులు. తల మీద చేతులుంచిన సంఘం, సోమవారం పొద్దున బస్టాండులో కనిపించదు. పిల్ల, తల్లి ఇద్దరే బస్సెక్కుతారు. తల్లికి తమిళం చదవడం రాదు, ఆఫీసు గుమస్తా ఏ కాగితం అడుగుతున్నాడో అర్థం కాదు. కుల సర్టిఫికెట్టు జిరాక్సు లేదని ఒకసారి, ఆదాయ సర్టిఫికెట్టు పాతదని ఇంకోసారి తిప్పి పంపిస్తారు. మూడోసారికి తల్లి మనసు విరిగిపోతుంది. ఆ పిల్లకు ధైర్యం లేకపోయిందని మనం అనుకుంటాం. కౌంటరు దగ్గర మాట్లాడగల మనిషి ఒక్కడు పక్కన ఉంటే ఆమె ఇవాళ నర్సు.

ఇంకో సంగతి చెప్పాలి. పేతురు పడవ దిగి నీళ్ళ మీద నడిచాడు, గాలి చూసి భయపడి మునగబోయాడు. యేసు వెంటనే చేయి చాపి పట్టుకున్నాడని సువార్త చెబుతుంది. ముందు ఆ చేయి అందింది, ఎందుకు సందేహించావన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. మన సంఘాల్లో ఈ వరస తారుమారవుతుంది. హాస్టల్లో ఉండలేక రెండు మూడు నెలలకే పెట్టె పట్టుకుని తిరిగొచ్చిన పిల్లను ముందు ప్రశ్నలతో చంపుతాం. ఏం జరిగింది, ఎవరితోనైనా గొడవా, నీ విశ్వాసం ఏమైంది? ఆమె ఆ తర్వాత ఆరాధనకు రావడమే మానేస్తుంది. కొట్టు పెట్టి నష్టపోయినవాణ్ణి చూసి, వాడి జీవితంలో ఏదో పాపం ఉందని చెవులు కొరుక్కుంటాం. మొదటి ప్రయత్నం చెడిపోయినవాళ్ళకు మన మధ్య చోటు లేకపోతే, రెండో ప్రయత్నం ఎవరు చేస్తారు? వాళ్ళను చూసిన మిగతా పిల్లలు అసలు మొదటిదే చేయరు.

తాగుడు మానినవాడి విషయంలోనూ ఇంతే. సాక్ష్యం చెప్పించి చప్పట్లు కొట్టి పంపేయడం సులువు. శనివారం సాయంత్రం కూలి చేతికొచ్చే వేళకు సంఘంలో ఇద్దరు మగవాళ్ళు అతడితో కలిసి ఇంటిదాకా నడవాలి. పెద్ద పని కాదు, అరగంట. కొన్ని నెలలపాటు విసుగు లేకుండా చేయాలి. ఒకవారం అతడు తప్పిపోయి తాగి వస్తే, మరుసటి శనివారం కూడా వెళ్ళాలి.

ఇవాళ హోసూరు ఫ్యాక్టరీలకు, బెంగుళూరు ఆస్పత్రులకు, షాపులకు మన ఊళ్ళ నుంచి పిల్లలు పెద్ద సంఖ్యలో వెళుతున్నారు. పొద్దున చీకటుండగానే కంపెనీ బస్సులు వస్తాయి. మన అమ్మమ్మల కాలంలో ఊరి పొలిమేర దాటని ఇళ్ళ పిల్లలు రాత్రి షిఫ్టు చేసి వస్తున్నారు. వాళ్ళు అడుగు ముందుకు వేసేశారు. వాళ్ళ సంఘం ఇంకా పాత చోటే నిలబడి, ఆదివారం రావడం లేదే అని నిష్ఠూరమాడుతోంది. ఆదివారం షిఫ్టు ఉన్న పిల్లలకోసం ఇంకో రోజు సాయంత్రం కూటం పెట్టవచ్చు. వాళ్ళు అద్దెకుండే గదికి వెళ్ళి, సంగటీ పచ్చడీ కట్టుకుపోయి, కూర్చుని మాట్లాడి రావచ్చు. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకుంటూనే ఊరూరికీ వెళ్ళి కూర్చున్నాడు. జనం తన దగ్గరికి రావాలని ఎదురుచూడలేదు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో కొత్త పని మొదలుపెట్టాలని, ఊరు మారాలని, చదువు కొనసాగించాలని లోలోపల అనుకుంటూ నోరు తెరవనివాళ్ళు ఉంటారు. మీరు నమ్మే ఒక్క మనిషికి ఈ వారమే ఆ మాట చెప్పండి. పాస్టరుగారికే చెప్పాలని లేదు, ఒక అక్కకో చిన్నాయనకో చెప్పండి. ప్రార్థించమని అడగండి, వెంట రమ్మని కూడా అడగండి. రెండోది అడగడానికి మొహమాటపడవద్దు.

సంఘ పెద్దలకు నాదొక విన్నపం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, కానుకల లెక్క చూసేముందు, ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఈ ఏడాది మన సంఘంలో ప్లస్ టూ రాసిన పిల్లలు ఎవరు, ఎవరికి కాగితాలు కావాలి, తాలూకా ఆఫీసుకు తోడు ఎవరు వెళతారు, మొదటి నెల హాస్టలు ఖర్చులో సంఘం ఎంత భరిస్తుంది, ఎవరైనా తిరిగొచ్చి ఇంట్లో కూర్చుని ఉంటే వాళ్ళింటికి ఎవరు వెళతారు. పేర్లు రాసుకోండి. పిల్ల పేరు ఎదురుగా, ఆ పిల్ల వెంట వెళ్ళే పెద్దమనిషి పేరు కూడా రాయండి.